కార్ల కంపెనీ మునిగిపోతుంటే సర్కారు చెయ్యందించాలా? – బరంపురంలో ఒక మిస్త్రీ మాటలు

(బరంపురంలో మన తెలుగువాళ్ళం ఆదివారం సాయంత్రాలు కూచునే చోట ఒక రిటైర్డ్ గ్యారేజీ మిస్త్రీ మాట్లాడినది. ఫోన్లో రికార్డు చేసి, విని, ఆయన ఎలా అన్నారో అలాగే టైపు చేసేం. మధ్యలో కరెంటు పోయినప్పుడు ఒక నాలుగైదు నిమిషాలు రికార్డు అవలేదు.)

నమస్కారమండీ అందరికీ. మైకు కాస్త కిందకి దింపరా బాబూ, నేనేమన్నా పాట పాడుతున్నానా. ఆ, చాలు. వెనకాల అమ్మలకి వినిపిస్తోందా?

ఇక్కడ కామర్స్ చెప్పిన మాస్టార్లున్నారు, బ్యాంకుల్లో చేసి రిటైరైన పెద్దలున్నారు, వాళ్ళందర్నీ ఒగ్గీసి గోళ్ళల్లో గ్రీజు ఇంకా పోని నన్నెందుకు నిలబెట్టేరో నాకైతే తెలీదు. తెలిసిందల్లా ఏటంటే, మా మనవడు యూనివర్సిటీలో డిబేట్‌కి పేరిచ్చేడు, కష్టాల్లో ఉన్న కార్ల కంపెనీల్ని ప్రభుత్వం ఆదుకోవాలా అక్కర్లేదా అని టాపిక్కు. తాతా నువ్వు నలభై ఏళ్ళు కార్లే కదా చూసేవు, పాయింట్లు చెప్పు అన్నాడు. రాత్రి పదకొండు దాకా చెప్పేను, వాడు ఒక్క ముక్కా రాసుకోలేదు. ఏరా అంటే, తాతా ఇదంతా కథలా ఉంది, పాయింట్లు లేవు అన్నాడు. (నవ్వులు) ఆ కథే ఇప్పుడు మీకు చెప్తాను, రాసుకోనక్కర్లేదు.

నేను 1976లో హెల్పర్‌గా చేరేను, పాత హైవే మీద. అప్పుడు దాన్ని ఎన్‌హెచ్ 5 అనేవాళ్ళం, ఇప్పుడు 16 అంటున్నారు. బరంపురంలో కారు అంటే అంబాసిడరే, డాక్టరుగారి దగ్గర ఫియట్టు ఒకటీ అరా ఉండేది. గోపాలపురం బీచికి ట్యాక్సీ అంటే అంబాసిడరు, పెళ్ళికొడుకుని తేవాలంటే అంబాసిడరు, కలెక్టరుగారిది అంబాసిడరు. వైశాఖంలో తప్తపాణి ఘాటు ఎక్కుతుంటే ఇంజన్ వేడికి పెట్రోలు పంపులోనే ఆవిరైపోయి బండి ఆగిపోయేది, అప్పుడు డ్రైవరు ఏం చేసేవాడో తెలుసా, బాయినెట్ ఎత్తి పంపు మీద తడిగుడ్డ కప్పి, పక్కన చెట్టుకింద బీడీ కాల్చుకునేవాడు. లోపల కూచున్నవాళ్ళు కూడా కంగారు పడేవారు కాదు, బండి దాహం వేసి ఆగింది అనుకునేవారు. ఆ తడిగుడ్డ నేను చేరినప్పుడు ఉంది, నేను సొంత షెడ్డు పెట్టుకున్నప్పుడూ ఉంది, మా అబ్బాయి పని నేర్చుకునేనాటికీ ఉంది. ఆ గుడ్డని గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దాని దగ్గరికే వస్తాను.

అంబాసిడరు అంటే అసలు ఇంగ్లండులో మోరిస్ ఆక్స్‌ఫర్డ్ అనే కారు. దాని మూడో సిరీసు అచ్చులు తెచ్చి కలకత్తా పక్కన ఉత్తర్‌పాడాలో హిందుస్థాన్ మోటార్స్ అనే కంపెనీవాళ్ళు 1957–58 నుంచి తయారుచేసేరు. అక్కడ వాళ్ళు ఆ మోడల్ ఎప్పుడో ఆపీసేరు. మనకి మాత్రం అదే రేకు, అదే 1489 సీసీ ఇంజను, ముందు జాలీ మార్చి మార్క్ 2, మార్క్ 3, మార్క్ 4 అని పేరు మార్చడమే. డీజిలు వచ్చింది, తర్వాత తొంభైల్లో ఇసుజు ఇంజను వచ్చింది, అది మాత్రం మంచి ఇంజనండీ, అబద్ధం చెప్పకూడదు, గేరు కూడా స్టీరింగు పక్కనుంచి కిందకి దిగింది. కానీ మంచి ఇంజన్ని తీసుకెళ్ళి ఆ ముసలి బాడీలోనే పెట్టేరు.

పార్ట్స్ కోసం నేను కలకత్తా మల్లిక్ బజారుకి వెళ్ళేవాణ్ణి, హౌరా మెయిల్లో. ఒకసారి పని తొందరగా అయిపోయిందని లోకల్ ట్రైను ఎక్కి ఫ్యాక్టరీ చూద్దామని వెళ్ళేను, హౌరా నుంచి అరగంట కూడా పట్టదు. ఉత్తర్‌పాడా దాటితే వచ్చే స్టేషను పేరేటో తెలుసా, హింద్‌మోటర్. ఫ్యాక్టరీ పేరే స్టేషనుకి పెట్టేరు! గేటు లోపలికి పోనివ్వలేదు గానీ, షిఫ్టు దిగి సైకిళ్ళ మీద వస్తున్న వాళ్ళని చూసి, ఓహో నేను విప్పి బిగించే బండికి ఈళ్ళేనా తల్లీతండ్రీ అనుకున్నాను. 2014 మే 24న ఆ గేటుకి పని ఆపేసినట్టు నోటీసు అంటించేరు. అప్పటికి లోపల రెండు వేల మందికి పైగానే ఉన్నారు. 2017లో ఆ అంబాసిడర్ అన్న పేరుని ఫ్రాన్సు కంపెనీ ప్యూజో 80 కోట్లకి కొనుక్కుంది. పేరు మాత్రమే సుమండీ.

ఇప్పుడు అసలు విషయం. మావాడు, టీవీలో వాళ్ళు, అందరూ ఏటంటారంటే, కంపెనీ పడిపోయినప్పుడు సర్కారు వచ్చి డబ్బులిస్తే దాన్ని ఆదుకోవడం అంటారు. నేనేటంటానంటే, అంబాసిడర్ని సర్కారు నలభై ఏళ్ళు ఆదుకుంది, ఎవరూ దాన్ని ఆ పేరుతో పిలవలేదు అంతే. ఎలాగంటారా. కారు తయారుచెయ్యాలంటే లైసెన్సు కావాలి, అది ఇద్దరు ముగ్గురికే ఇచ్చేరు. ఎన్ని బళ్ళు చెయ్యాలో ఢిల్లీ చెప్పేది. బయటి కారు తేనివ్వరు. తయారైన బళ్ళలో బోలెడు సర్కారే కొనేది, తెల్ల రంగు, కిటికీలకి కర్టెన్లు, మీద ఎర్ర బుగ్గ. కొనేవాడు డబ్బు కట్టి క్యూలో నిలబడి ఏళ్ళకేళ్ళు ఎదురుచూసేవాడు. మరి అలాంటప్పుడు ఆ తడిగుడ్డ అవసరం లేని పంపు పెట్టాలని ఏ ఇంజనీరుకి తోస్తుంది, తోచినా ఏ ఓనరు డబ్బు పెడతాడు? వాడి తప్పని కూడా నేననను. మన పెరట్లో జామచెట్టుకి కాయలు దాని మటుకు అవే కాస్తుంటే మనం మాత్రం ఎరువు వేస్తామా ఏటి.

ఎనభైల మధ్యలో ఏడాదికి 24 వేల అంబాసిడర్లు దాకా అమ్ముడయ్యేవి. ఆఖరి ఏడాది, 2013–14లో, 2,200 దగ్గర. మధ్యలో ప్రయత్నాలు అవలేదని కాదు. ఫ్యాక్టరీ నిలబెట్టుకోడానికని అక్కడి రాష్ట్ర సర్కారు 300 ఎకరాలకి పైగా భూమి అమ్ముకోనిచ్చింది, 2006–07 ఆ టైములో. ఊళ్ళో మనవాళ్ళు కూతురి పెళ్ళికి పొలం అమ్ముతారు, అది ఒక అర్థం ఉంది. పాత అప్పు వడ్డీకి పొలం అమ్మితే ఏటవుతుంది? అదే అయింది. ఏడెనిమిదేళ్ళకి గేటు పడింది.

నేను షెడ్డులో చూసిన సంగతి ఒకటి చెప్తాను. గోపాలపురంలో ఒక హోటలాయన అంబాసిడరు తెచ్చేడు, సముద్రపు గాలికి అక్కడ రేకు ఎలా ఉంటుందో మీకు తెలుసు కదా. బయట చూస్తే పాలలా మెరిసిపోతోంది, ఈమధ్యే పెయింటు కొట్టించేడు. బ్రేకు కొడితే బండి పక్కకి లాగుతోందండీ, చూడండి అన్నాడు. నేను కింద పడుకుని, తలుపు కింద సిల్లు మీద స్క్రూడ్రైవరు పెట్టి ఊరికే నొక్కేను. పిడి దాకా దిగిపోయింది. రేకు లేదు లోపల! మొత్తం పుట్టీయే. ఎవడో తుప్పు గోకకుండా, దాని మీద పుట్టీ దట్టించి, సాండ్‌పేపరు రుద్ది, రెండు కోట్లు తెల్ల పెయింటు కొట్టి డబ్బు తీసుకున్నాడు. పుట్టీ లోపల చెమ్మ పట్టి తుప్పు ఇంకా ఎక్కువైంది. పుట్టీ పెట్టకుండా ఒగ్గీస్తేనే నయం, కనీసం కన్నం కనపడేది, ఓనరు ముందే జాగర్తపడేవాడు. ఆ హోటలాయన నా మొహం చూసేడు, నేను ఆయన మొహం చూసేను. నాలుగు వేలు పెయింటుకి ఇచ్చేనయ్యా అన్నాడు పాపం.

కాబట్టి నన్నెవరన్నా సర్కారు డబ్బివ్వాలా అని అడిగితే నేను ముందు అడిగేది, స్క్రూడ్రైవరు పెట్టి చూసేరా అని.

మా బావ ఇక్కడే ఉన్నాడు, అదిగో ఆ మూల కుర్చీలో, లేవకు బావా, కూచో. మా అక్క మొగుడు. ఆయన ఈ జిల్లాలోనే ఒక ఫ్యాక్టరీలో ఫిట్టరుగా చేసేవాడు. పేరు చెప్పను, కార్లది కాదు, ఓనర్ల పిల్లలు ఇప్పటికీ మనకి తెలిసినవాళ్ళే. మూతపడింది, సర్కారు లోను ఇప్పించి తెరిపించింది, మంత్రి వచ్చేరు, రిబ్బను కత్తిరించేరు, మళ్ళీ మూతపడింది, మళ్ళీ తెరిచేరు, మళ్ళీ రిబ్బను. రెండోసారి తెరిచినరోజు బావ ఇంటికొచ్చి అక్కతో అన్నాడట, మిషన్లకి ఆకుపచ్చ పెయింటు కొట్టేరే, వాసన ఇంకా పోలేదు, బేరింగులు మాత్రం అవే అని. నేను ఆ మాట విని నవ్వేను అప్పుడు. పద్నాలుగు నెలలకి మళ్ళీ తాళం. పీఎఫ్ కోసం వెళ్తే, జీతంలోంచి కోసినది కోసినట్టే ఉంది, కట్టవలసిన చోట కట్టలేదు. ఆ తిరుగుడు గురించి మా అక్క చెప్తే మీరు కళ్ళనీళ్ళు పెట్టుకుంటారు, వద్దులెండి, ఆదివారం పూట.

మరి అలాగైతే ఎవర్నీ ఆదుకోకూడదంటావా అని మీరడగొచ్చు. కాదు. మన దేశంలోనే అతి పెద్ద కార్ల కంపెనీ ఎలా పుట్టిందో మరిచిపోయేరు అందరూ. మారుతి! అది మొదట సంజయ్ గాంధీ 1971లో పెట్టిన కంపెనీ, మారుతి లిమిటెడ్ అని. కారు వస్తుంది వస్తుంది అన్నారు, రాలేదు, 1978లో కోర్టు మూసీమంది. 1980లో పార్లమెంటులో చట్టం చేసి సర్కారు దాన్ని తీసుకుంది. అప్పుడు పేపర్లు చదివినవాళ్ళకి గుర్తుండే ఉంటుంది ఎంత తిట్టేరో, కొడుకు జ్ఞాపకానికి జనం డబ్బు పోస్తున్నారని. తిట్టడం తప్పనీ అనను. కానీ తర్వాత చేసింది చూడండి. 1981లో మారుతి ఉద్యోగ్ అని కొత్తగా పెట్టేరు, సర్కారు కంపెనీ బీహెచ్‌ఈఎల్ నడిపిన వి. కృష్ణమూర్తిగారిని తెచ్చేరు, పాత డిజైను జోలికే పోలేదు, 1982లో జపాను సుజుకీతో ఒప్పందం, వాళ్ళకి 26 శాతం వాటా. 1983 డిసెంబరు 14న మొదటి మారుతి 800 తాళం ఇందిరా గాంధీ చేతుల మీదుగా ఇచ్చేరు. అంటే పడుకుండిపోయిన కంపెనీ, తీసుకున్న మూడేళ్ళకి కారు రోడ్డు మీద ఉంది.

మొదటిసారి నా షెడ్డుకి మారుతి 800 వచ్చినప్పుడు నేను బాయినెట్ ఎత్తి చాలాసేపు చూసేను. ఇంజను ఎంత చిన్నదంటే, ఇదేటి, మిగతాది ఇంట్లో మరిచిపోయి వచ్చేరా అన్నాను ఓనరుతో. తడిగుడ్డ పెట్టాల్సిన అవసరమే లేదు! ఆరోజు నాకు సంతోషం వెయ్యలేదు, భయం వేసింది. ఇలాంటి బండి పాడవకపోతే మేం ఏం తిని బతకాలి అని. (నవ్వులు) నిజమండీ.

సర్కారు ఆ తర్వాత ఏం చేసిందన్నది కూడా చూడాలి, అక్కడే ఉంది అసలు కిటుకు. పట్టుకుని వేలాడలేదు. 1992లో సుజుకీ వాటా 50 శాతం అయింది, 2002లో పైచేయి పూర్తిగా ఇచ్చీసింది, ఆ పెత్తనం వదులుకున్నందుకు వెయ్యి కోట్లు విడిగా పుచ్చుకుంది, 2003లో జనానికి షేర్లు 125 రూపాయలకి అమ్మింది, 2007కి మొత్తం బయటపడిపోయింది. మా షెడ్డులో జాకీ ఎత్తి చక్రం మార్చేక జాకీ తీసీస్తాం కదా, జాకీతోనే బండి నడిపించెయ్యం కదా, అలాగన్నమాట.

ఇంక అమెరికా. అక్కడ రెండుసార్లు అయింది. మొదటిది క్రైస్లర్, 1979–80. సర్కారు చేతి డబ్బు ఇవ్వలేదు, 150 కోట్ల డాలర్ల అప్పుకి హామీ సంతకం పెట్టింది. లీ అయకోకా అని కంపెనీ పెద్ద, జీతం ఏడాదికి ఒక్క డాలరు తీసుకున్నాడు, కార్మికుల జీతాలు తగ్గించేరు, బ్యాంకులు కొంత ఒదులుకున్నాయి, అందరూ తలో చెయ్యీ కాల్చుకున్నారు. 1983కే, గడువు ఇంకా ఏళ్ళు ఉండగానే, అప్పు తీర్చీసేరు, హామీ పెట్టినందుకు సర్కారుకి 30 కోట్ల డాలర్లకి పైగా లాభం కూడా వచ్చింది.

రెండోది 2008. బ్యాంకులు కూలిపోయి, కార్లు కొనేవాడికి లోను పుట్టక, జీఎం అనే జనరల్ మోటార్స్, క్రైస్లర్ రెండూ ఊపిరి ఆడని స్థితికొచ్చేయి. ఫోర్డుతో కలిపి మూడు కంపెనీల పెద్దలూ నవంబరులో వాషింగ్టన్ వెళ్ళి డబ్బులు అడిగేరు, వెళ్ళడం ఎవరి సొంత విమానంలో వాళ్ళు వెళ్ళేరు! మన గుడి మెట్ల దగ్గర అడుక్కునేవాడు ఆటో దిగి వస్తే ఇస్తామా మనం? అక్కడా ఇవ్వలేదు మొదట. తర్వాత డిసెంబరులో బుష్ 1,740 కోట్ల డాలర్లు అప్పు ప్రకటించేడు, మిగతాది ఒబామా వచ్చేక. మొత్తం కార్ల రంగానికి 8,000 కోట్ల డాలర్ల దాకా.

ఆ ముగ్గురిలో ఫోర్డు కూడా ఉంది, కానీ ఫోర్డు ఆ డబ్బు తీసుకోలేదు, అయినా ఆళ్ళకివ్వండి అని చెప్పింది. పోటీవాడు మునిగిపోతుంటే సంబరపడాలి కదా, ఎందుకలా అంది? మన పట్టు నేతలో చూడండి. నూలుకి రంగు వేసేవాడు ఒకడే నాలుగు మగ్గాల ఇళ్ళకి వేస్తాడు. అందులో రెండు పెద్ద ఇళ్ళు డబ్బు ఎగ్గొట్టి మూసీసేయనుకోండి, రంగువాడు బాకీలు రాక బాన బోర్లించీస్తాడు. అప్పుడు మూడో ఇంటివాడు ఎంత చక్కగా నడుపుకుంటున్నా వాడికీ రంగు నూలు రాదు, వాడి మగ్గమూ ఆగుతుంది. బ్రేకులు చేసేవాడు, సీట్లు చేసేవాడు, వైరింగు చేసేవాడు అందరికీ ఒకడే. అందుకే ఫోర్డు భయపడింది. కారు కంపెనీని ఆదుకోవాలనేవాళ్ళ దగ్గర ఉన్న గట్టి మాట ఇదొక్కటే, మిగతావన్నీ దేశ గౌరవం, జెండా, అవి మాటలు.

కానీ డబ్బు ఇచ్చినప్పుడు ఏటి చేసేరన్నది చూడండి. జీఎం పెద్దాయన రిక్ వాగనర్‌ని ఇంటికి పంపించేరు. 2009 జూన్ 1న కంపెనీ చేత కోర్టులో దివాలా పెట్టించేరు, పాత వాటాదారులకి చేతిలో ఉన్నది చిత్తుకాగితమే అయింది, నలభై రోజుల్లో మంచి భాగం విడదీసి కొత్త కంపెనీ నిలబెట్టేరు, అందులో సర్కారుకి 60 శాతం పైన. పాంటియాక్, శాటర్న్, హమ్మర్ లాంటి బ్రాండ్లు మూసీసేరు. రిటైరైన కార్మికుల వైద్యం ఖర్చుకి కంపెనీ కట్టాల్సిన డబ్బు బదులు ఆ ట్రస్టుకి కొంత షేర్లిచ్చేరు. కొత్తగా చేరే కుర్రాళ్ళకి పాతవాళ్ళ జీతంలో దగ్గర దగ్గర సగమే, అది 2007లో మొదలైనదే, అలాగే ఉంచేరు. పక్కపక్కన నిలబడి అదే బోల్టు బిగించేవాళ్ళకి! అది నాకు నచ్చలేదు, నా షెడ్డులో అలా చేస్తే సాయంత్రానికి పానాలతో కొట్టుకునేవాళ్ళు. 2013 డిసెంబరులో సర్కారు తన షేర్లు పూర్తిగా అమ్మీసింది. జీఎం ఒక్కదాన్లో పెట్టినది 4,950 కోట్ల డాలర్లు, వెయ్యి కోట్ల పైన నష్టం. నష్టమే, దాచక్కర్లేదు. ఫ్యాక్టరీలైతే నడుస్తున్నాయి.

అదే టైములో అమెరికాలో ఇంకో పని చేసేరు, అది తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది. పాత కారు తెచ్చివ్వండి, కొత్తది కొనడానికి సర్కారు 3,500 నుంచి 4,500 డాలర్లు ఇస్తుందన్నారు. కొత్త కార్లు అమ్ముడవ్వాలి కదా. మరి పాత కారు మళ్ళీ రోడ్డెక్కకూడదు కాబట్టి ఏం చేసేరో తెలుసా? ఇంజన్లో ఆయిలు తీసీసి, దాని బదులు సోడియం సిలికేటు ద్రావణం, గాజు ద్రవం లాంటిది, పోసి స్టార్ట్ చేసి వదిలీసేవారు. కాసేపు తిరిగి, లోపల గడ్డకట్టి, బేరింగులు పట్టీసి ఇంజను చచ్చిపోయేది. వీడియోలు ఉన్నాయి, మావాడు చూపించేడు. నడుస్తున్న ఇంజన్నండీ! రీబోరు, అంటే సిలిండరు మళ్ళీ తొలిచే పని, అది కూడా అక్కర్లేని ఇంజన్లు! అలా ఆరున్నర లక్షల పైన బళ్ళు. నేను ఆ వీడియో పూర్తిగా చూళ్ళేకపోయేను, ఆ చప్పుడు మారిపోవడం ఉంది చూసేరా, టకటక అని, తర్వాత కీచుమని... వద్దు. కంపెనీలకి గిరాకీ పెరిగింది కొన్ని నెలలు. పేదవాడు కొనుక్కునే సెకండ్‌హ్యాండ్ కారు మాత్రం పోయింది.

ఇంగ్లండు గురించి తొందరగా చెప్పీస్తాను, టైము అవుతోంది. బ్రిటిష్ లేలాండ్, మోరిస్ వాళ్ళూ ఇందులోనే కలిసిపోయేరు, అంటే మన అంబాసిడరుకి పుట్టింటివాళ్ళే. 1975లో సర్కారు తీసుకుంది, వందల కోట్ల పౌండ్లు పోసింది, సమ్మెలు, పాత మోడళ్ళు, ఫ్యాక్టరీకీ ఫ్యాక్టరీకీ పడదు, చేతులు మారి మారి 2000లో బీఎండబ్ల్యూ దాన్ని పది పౌండ్లకి ఇచ్చీసింది. పది పౌండ్లు! ఆ తర్వాత దాన్ని నడిపిన ఐదుగురు పెద్దలు జీతాలు, పెన్షన్లు కలిపి నాలుగు కోట్ల పౌండ్ల పైన తీసుకున్నారని తర్వాత సర్కారు ఎంక్వయిరీలో తేలింది, కంపెనీ 2005 ఏప్రిల్లో కూలిపోయి ఆరు వేల మంది రోడ్డున పడ్డారు. ఆ ఫ్యాక్టరీ ఉన్న ఊరు లాంగ్‌బ్రిడ్జ్. ఆస్ట్రేలియాలో అయితే సర్కారు ఇంక మేం ఇవ్వం అనీసింది, 2017 అక్టోబరులో టొయోటా, హోల్డెన్ రెండూ మూసీసేయి, ఇప్పుడా దేశంలో మామూలు కార్లు తయారుచేసే ఫ్యాక్టరీ లేదు. స్వీడన్ కూడా సాబ్ అనే అక్కడి కార్ల కంపెనీ విషయంలో మేం కార్ల ఫ్యాక్టరీకి ఓనర్లం అవ్వం అంది, 2011లో అది దివాలా. మన టాటాలు జాగ్వార్ కొన్నాక 2009లో కష్టమొచ్చి ఇంగ్లండు సర్కారుతో హామీ మాటలాడేరు, షరతులు కుదరక వద్దని బ్యాంకుల దగ్గరే తెచ్చుకున్నారు, గట్టెక్కేరు. కాబట్టి ఒకటే మందు అందరికీ అని ఎవరన్నా అంటే నమ్మకండి.

ఈ ఊళ్ళో నిలబడి ఈ విషయం మాట్లాడుతూ వి.వి. గిరిగారిని తలవకపోతే తప్పు. 1894లో ఇక్కడే పుట్టేరు, రాష్ట్రపతి అయ్యేరు, అది అందరికీ తెలుసు. అంతకుముందు రైల్వే యూనియన్లు, తర్వాత కార్మిక మంత్రి. బ్యాంకు ఉద్యోగులకి ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పుని సర్కారు మార్చిందని 1954లో మంత్రి పదవి ఒదులుకున్నారు, ఈరోజుల్లో ఎవరన్నా చేస్తారా అది? ఆయన ఏమనేవారంటే యజమానీ, కార్మికుడూ ఎదురెదురుగా కూచుని తేల్చుకోవాలి, కోర్టులు, జడ్జీలు ఆఖరున అని. సర్కారు డబ్బు పెట్టే ఫ్యాక్టరీలో ఆ బల్ల దగ్గర కార్మికుడికి కుర్చీ ఉండాలన్నది నేను దానికి తగిలించుకున్న మాట. మా బావ బేరింగులు పాతవేనని మొదటిరోజే చూసేడు. ఆ ముక్క ఆయన్ని అడిగిన ఆఫీసరు ఒక్కడూ లేడు.

(ఇక్కడ కరెంటు పోయింది. జనరేటరు వేసేక ప్రశ్నలు.)

ప్రశ్న, ముందు వరసలో ఒక మాస్టారు: మరి 2014లో ఉత్తర్‌పాడాకి సర్కారు డబ్బు ఇవ్వాల్సిందంటారా, అక్కర్లేదంటారా? సూటిగా చెప్పండి.

2014లో అక్కర్లేదండి మాస్టారూ. కార్మికుడి బాకీ, పీఎఫ్, గ్రాట్యుటీ, అవి ముందు తీర్చడానికి ఇవ్వాలి, అది వేరు, అది కంపెనీకి ఇచ్చినట్టు కాదు. నన్ను 1984లో అడిగుంటే కంపెనీని కూడా ఆదుకోండి అనే చెప్పేవాణ్ణి. అప్పుడు మారుతి వచ్చి ఏడాది, అంబాసిడరు బాగా అమ్ముడవుతోంది, చేతిలో డబ్బుంది, ఫ్యాక్టరీలో పనిమంతులున్నారు. అప్పుడు కొత్త ఇంజను, కొత్త బాడీ చేస్తేనే సర్కారు బళ్ళు మీ దగ్గర కొంటాం, లేకపోతే కొనం అని ఒక్క కాగితం పంపితే చాలు, రూపాయి ఖర్చు లేదు. పంపలేదు. ఆ కాగితం మీద సంతకం పెట్టాల్సినవాళ్ళు వచ్చి దిగేది అంబాసిడర్లోంచే కదా.

ప్రశ్న, ఒక కుర్రాడు: అంకుల్, ఇప్పుడు ఎలక్ట్రిక్ కార్లకి సర్కారు డబ్బులిస్తోంది కదా, అదీ ఆదుకోవడమేనా?

అదీ అదే బాబూ, వేరే పేరు. 2021లో 25,938 కోట్ల స్కీము పెట్టేరు, తయారుచేసి అమ్మితేనే ఇస్తాం అని. పని చూసి కూలి, ఆ పద్ధతి నాకు నచ్చింది, ముందే చేతిలో పెట్టడం కంటే నయం. నాకున్న బాధల్లా ఏటంటే, కంపెనీకి స్కీము పెట్టేరు, కొనేవాడికి స్కీము పెట్టేరు, రోడ్డు పక్క షెడ్డువాడికేదీ? మా అబ్బాయి ఎలక్ట్రిక్ బండి బాయినెట్ ఎత్తుతాడు, నారింజ రంగు వైరు చూసి చెయ్యి వెనక్కి తీసుకుంటాడు, ముట్టుకుంటే పోతామని తెలుసు, అంతకుమించి తెలీదు. మన ఐటీఐలో పిల్లలు తుక్కు ఇనుముతో బొమ్మలు చేసేరు, ఎంత బాగున్నాయో మీరంతా చూసేరు కదా. అక్కడే సాయంత్రం పూట ముసలి మిస్త్రీలకి ఒక బ్యాచి పెట్టమనండి, నేను మొదటి బెంచీలో కూచుంటాను.

ప్రశ్న, వెనకనుంచి ఒకావిడ: మీ బావగారు ఇక్కడే ఉన్నారన్నారు కదా, ఆయన్ని కూడా రెండు మాటలు చెప్పమనండి.

చెప్పు బావా. లేవక్కర్లేదు, మైకు తీసుకెళ్తాడు కుర్రోడు. ఫ్యాక్టరీ రెండుసార్లు తెరిచేరు కదా, మంచిదేనా అని అడుగుతున్నారు.

(బావగారు:) ఏటి చెప్పమంటావు... మొదటిసారి మూసినప్పుడు మా బ్యాచివాళ్ళంతా సూరత్ ఎల్లిపోయేరు, మర మగ్గాల్లోకి. నాకూ ఒక ఫోర్‌మేన్ కబురెట్టేడు, ఫిట్టరు కావాలి, రూము కూడా ఇస్తానన్నాడు. నాలుగు నెలలు ఇంట్లో కూచుని, సరే ఎల్లిపోదామని టికెట్టు తీసేను. ఆ శుక్రవారం బండి. బుధవారం నాడు పేపర్లో పడింది, ఫ్యాక్టరీ మళ్ళీ తెరుస్తున్నారు, సర్కారు లోను ఇచ్చిందని. టికెట్టు క్యాన్సిల్ చేయించుకున్నాను.

(కాసేపు ఎవరూ మాట్లాడలేదు.)

మైకు ఇటు పట్టుకురారా. అయిపోయింది, ఇంక టీ తాగండి, హాలు తాళం వేసుకోవాలట ఆయన.